ట్రక్కులో కూర్చోబెట్టిన అమ్మాయి నోరు విప్పితే: మ్యాడీ అండ్ టే తొలి పాట కథ

కంట్రీ అంటే అమెరికా పల్లెపాటల్లోంచి పెరిగిన సంగీతం. 2014 డిసెంబరులో ఆ కంట్రీ రేడియో చార్టులో ఒక పాట మొదటి స్థానానికి చేరింది. ఆ రేడియో పొద్దస్తమానం వినిపిస్తున్న పాటల్నే ఏకిపారేసిన పాట అది. పేరు ‘గర్ల్ ఇన్ ఎ కంట్రీ సాంగ్’. పాడింది మ్యాడీ అండ్ టే అనే జంట. మ్యాడీ మార్లోది టెక్సాస్‌లో హ్యూస్టన్ పక్కనున్న షుగర్ ల్యాండ్. తెలుగు కుటుంబాలు బాగా స్థిరపడిన ఊరు కాబట్టి మనవాళ్లలో చాలామందికి ఆ పేరు తెలిసే ఉంటుంది. టే అసలు పేరు టేలర్ డై, ఓక్లహోమాలోని ఏడా అనే చిన్న ఊరి అమ్మాయి. పదిహేనేళ్ల వయసులో ఇద్దరికీ పరిచయమైంది. హైస్కూలు అయిపోగానే కంట్రీ సంగీతానికి రాజధాని లాంటి నాష్‌విల్‌కు మకాం మార్చారు. జులైలో పాట విడుదలైనప్పుడు ఒకరికి 19, ఇంకొకరికి ఇంకా 18. అదే వాళ్ల మొట్టమొదటి సింగిల్, అంటే విడిగా విడుదల చేసిన పాట.

ఈ పాట గురించి ఎక్కువమంది చెప్పే కథ ఇలా ఉంటుంది: మగ గాయకుల ధోరణితో జనం విసిగిపోయారు, ఇద్దరు కుర్ర అమ్మాయిలు ధైర్యం చేసి ఎదురు తిరిగారు, ఆ దెబ్బకు ధోరణి మారిపోయింది. వినడానికి బాగుంటుంది కానీ ఇందులో సగమే నిజం. పాటను నెత్తిన పెట్టుకున్న రేడియో, ఆ పాడినవాళ్లకు గానీ, వాళ్లలాంటి మిగతా ఆడవాళ్లకు గానీ చోటు పెంచలేదు. ఆడవాళ్ల ఫిర్యాదు సరదాగా ఉంటే వింటుంది, ఆడవాళ్ల మామూలు పాటలు మాత్రం వినిపించదు. నాకు ఈ పాట కథలో అన్నిటికన్నా ముఖ్యంగా కనిపించేది ఇదే. ఎందుకు అలా జరిగిందో తెలియాలంటే ముందు ఇంకో జంట, వాళ్ల తొలి పాట దగ్గరికి వెళ్లాలి.

‘క్రూజ్’ తెచ్చిన గాలి

ఫ్లోరిడా జార్జియా లైన్ అంటే టైలర్ హబ్బర్డ్, బ్రయన్ కెల్లీ కలిసి పాడిన జంట. 2012లో వచ్చిన వాళ్ల తొలి హిట్ ‘క్రూజ్’. జార్జియా నీళ్లలోంచి బికినీ టాప్‌తో పైకి వచ్చిన అమ్మాయి కనిపించడంతో మొదటి చరణం మొదలవుతుంది. ఆ తర్వాత ట్రక్కు, పల్లెటూరి రోడ్లు, కిటికీ అద్దాలు దించి పాట పెద్దగా పెట్టుకుని షికారు. ట్యూన్ ఒక్కసారి వింటే చాలు, నోట్లోనే ఆడుతుంది. గిటార్లు రాక్ పాటలో లాగా గట్టిగా మోగుతాయి, గొంతు పలికే తీరులో కొంచెం హిప్ హాప్ వాసన ఉంటుంది. 2013లో ర్యాపర్ నెల్లీతో కలిసి చేసిన రీమిక్స్ పాప్ రేడియోల్లో కూడా దుమ్ము లేపింది. దాంతో అన్ని రకాల పాటలనూ కలిపి లెక్కించే హాట్ 100 చార్టులో పాట నాలుగో స్థానం దాకా వెళ్లింది.

అమెరికాలో పాటల చార్టులు వేసే పత్రిక బిల్‌బోర్డ్. దాని హాట్ కంట్రీ సాంగ్స్ చార్టులో ‘క్రూజ్’ 24 వారాలు మొదటి స్థానంలో ఉంది. అంతకు ముందున్న రికార్డు 21 వారాలు. 1940ల చివర్లో ఎడ్డీ ఆర్నాల్డ్, 1950లో హ్యాంక్ స్నో, 1955లో వెబ్ పియర్స్ పాటలు నెలకొల్పిన రికార్డు అది. అరవై ఏళ్లకు పైగా ఎవరూ దాటలేదు. మరి కొత్త కుర్రాళ్ల పాట ఎలా దాటింది?

2012 అక్టోబరులో బిల్‌బోర్డ్ లెక్క మార్చింది. అప్పటిదాకా ఆ చార్టుకు కంట్రీ స్టేషన్లలో ఎన్నిసార్లు వినిపించారన్నదే ఆధారం. కొత్త లెక్కలో డౌన్‌లోడ్లు, స్ట్రీమింగ్, ఏ రకం రేడియో స్టేషన్‌లో వినిపించినా ఆ వినికిడి, అన్నీ కలిశాయి. అంటే పాప్ స్టేషన్‌లో నెల్లీ రీమిక్స్ మోగిన ప్రతిసారీ కంట్రీ చార్టులో ‘క్రూజ్’ ఖాతాలో పడింది. పాత పద్ధతిలో కంట్రీ స్టేషన్లను మాత్రమే లెక్కించడానికి కంట్రీ ఎయిర్‌ప్లే అని వేరే చార్టు పెట్టారు. ‘క్రూజ్’ పెద్ద హిట్టే, అందులో అనుమానం లేదు. అమెరికాలో అమ్మకాలు, స్ట్రీమింగ్ కలిపి కోటి యూనిట్లు దాటి డైమండ్ సర్టిఫికెట్ అందుకున్న మొదటి కంట్రీ పాట కూడా అదే. అయితే 24 వారాల రికార్డులో పాట బలంతో పాటు రూలు బలం కూడా ఉంది. ఆ రూలు మారాక పాప్ వైపు మొగ్గిన పాటలకే లాభం అని నాష్‌విల్ కంపెనీలకు వెంటనే అర్థమైంది. ‘క్రూజ్’ అచ్చులో పోసినట్టు పాటలు వరస కట్టాయి.

2013 ఆగస్టులో సంగీత విమర్శకుడు జోడీ రోజెన్ ఈ ధోరణికి ‘బ్రో కంట్రీ’ అని పేరు పెట్టాడు. ఆ పేరు అతుక్కుపోయింది. ట్రక్కు, బీరు, మట్టిరోడ్డు, వెన్నెల, చిరిగిన జీన్స్ నిక్కరు వేసుకున్న అమ్మాయి. ఇదే సరంజామా పాటకో వరస మార్చి మళ్లీ మళ్లీ వచ్చేది. ఆ ఏడాది చివర గ్రేడీ స్మిత్ అనే విలేకరి హిట్ పాటల ముక్కలన్నీ ఒకదాని పక్కన ఒకటి అతికించి వీడియో పెట్టాడు. ఎవరు ఎవరి పాట పాడుతున్నారో పోల్చుకోలేనంత ఒకేలా ఉన్నాయి. తర్వాత ఇంకొకాయన ఆరు కంట్రీ హిట్లను ఒకదాని మీద ఒకటి పేర్చి ఒకే పాటలా వినిపించాడు. ఆరూ ఎక్కడా తేడా రాకుండా కలిసిపోయాయి! గాయకుల్లోనూ విసుగు మొదలైంది. 2013లో జాక్ బ్రౌన్, ల్యూక్ బ్రయన్ హిట్ పాట ఒకదాన్ని తాను విన్న వాటిల్లోకెల్లా చెత్త పాట అని రేడియోలోనే అనేశాడు.

ఇక్కడ రెండు వేర్వేరు ఫిర్యాదులు కలగలిసిపోయాయి. ఒకటి, సౌండ్ గురించి: డ్రమ్ మెషీన్లు, ర్యాప్ పలుకులు కంట్రీని పాడు చేస్తున్నాయని. రెండోది, మాటల గురించి: పాటల్లో ఆడవాళ్లు మనుషుల్లా కాకుండా ట్రక్కుకు తగిలించిన అలంకారంలా ఉన్నారని. మొదటి ఫిర్యాదులో నాకు ఎప్పుడూ కొంత ఇబ్బంది కనిపిస్తుంది. కంట్రీ సంగీతం పుట్టినప్పటి నుంచీ నల్లజాతి సంగీతంతో కలిసే పెరిగింది. నల్లజాతివాళ్ల బ్లూస్ లేకపోతే కంట్రీకి పునాది వేసిన గాయకులు జిమ్మీ రాడ్జర్స్ లేడు, హ్యాంక్ విలియమ్స్ లేడు. హిప్ హాప్ కలవగానే కంట్రీ చెడిపోయిందనడం వెనక సంగీతాభిరుచి ఒక్కటే ఉందనుకోలేం. రెండో ఫిర్యాదు మాత్రం అక్షరాలా నిజం. మ్యాడీ, టే పట్టుకున్నది ఈ రెండోదాన్నే.

పాట లోపలికి వెళ్తే

ఇద్దరూ ఏరన్ షెర్జ్ అనే రచయితతో కూర్చుని పాట రాశారు. మగవాళ్ల పాటల్లో నోరు మెదపకుండా కూర్చునే ఆ అమ్మాయి చేతికే మైకు ఇచ్చారు. ఆమె చెప్పేదేంటంటే: కాళ్లకు చెప్పుల్లేవు. ఒంటికి అతుక్కున్న ఈ చిన్న నిక్కరులో చలేస్తోంది. బికినీ టాప్ ఒరుసుకుని మంటగా ఉంది, రోజంతా ఇదే వేసుకోవాలా? మీరు ట్రక్కు వెనక కూర్చుని ఈల వేస్తుంటే వినపడుతోంది, అయినా నేను పలకను, ఎందుకంటే నాకో పేరుంది.

‘క్రూజ్’ మొదటి చరణంలో ఉన్న బికినీ టాప్ గుర్తుందా? అక్కడ అది చూసేవాడి కళ్లతో కనిపిస్తుంది. ఇక్కడ వేసుకున్నామె చర్మానికి తగులుతుంది. ఒకే గుడ్డముక్క. చూడటం నుంచి ఒరుసుకోవడానికి మారేసరికి ఆ పాటల ప్రపంచమంతా తలకిందులైపోయింది. ఉపన్యాసం అక్కర్లేకుండా ఒక్క మాటతో అంత పని చేసిన పాటలు నేను ఎక్కువ వినలేదు.

థామస్ రెట్, బ్లేక్ షెల్టన్, క్రిస్ యంగ్, టైలర్ ఫార్ లాంటి మగ గాయకుల హిట్ల నుంచి మాటల తునకలు కూడా అక్కడక్కడా దొర్లించారు. కంట్రీ రేడియో వినేవాళ్లకు అవి ఇట్టే తెలిసిపోతాయి. సంగీతం విషయంలో వాళ్లు చేసిన పని ఇంకా తెలివైనది. చప్పట్ల బీటు, ఊగించే లయ, మాట్లాడుతున్నట్టు విసిరే పలుకులు, అన్నీ బ్రో కంట్రీ సామానే. డ్యాన్ హఫ్ లాంటి నాష్‌విల్ పెద్ద నిర్మాత షెర్జ్‌తో కలిసి దాన్ని మిగతా హిట్ల పక్కన సరిగ్గా ఇమిడేలా తీర్చాడు. మాటలు వినకుండా కారు నడిపేవాడికి అది ఇంకో సరదా పాట. సౌండ్ మీద తమకు గొడవ లేదని ఆ సౌండ్‌తోనే చెప్పారు.

వీడియో ఇంకో అడుగు ముందుకెళ్లింది. ఆడా మగా వేషాలు తారుమారు చేశారు. మగవాళ్లే పొట్టి నిక్కర్లు, పొట్ట కనిపించే చొక్కాలు వేసుకుని వయ్యారాలు పోతుంటారు. చూస్తే నవ్వొస్తుంది. అమ్మాయిలు అదే వేషం వేసినప్పుడు ఎవరికీ నవ్వు రాలేదన్న సంగతి ఆ తర్వాత తడుతుంది. 2015 నవంబరులో కంట్రీ మ్యూజిక్ అసోసియేషన్ దీనికే ఏడాది ఉత్తమ వీడియో అవార్డు ఇచ్చింది.

ఒక్క చోట మాత్రం నేను పాటతో ఏకీభవించను. పాతతరం గాయకులు కాన్వే ట్విట్టీ, జార్జ్ స్ట్రెయిట్ వాళ్ల రోజుల్లో ఇలా ఉండేది కాదని పాటలో అంటారు. స్ట్రెయిట్ సంగతి సరే. ట్విట్టీ 1973లో పాడిన ఒక పాటను, మరీ పచ్చిగా ఉందని కొన్ని స్టేషన్లు వేయనేలేదు. 1981లో ఆయన నంబర్ వన్ పాట పేరే ‘టైట్ ఫిట్టిన్ జీన్స్’. తేడా ఏమైనా ఉంటే, ఆ పాటలో జీన్స్ వేసుకున్నామెకు ఒక జీవితం ఉంది. డబ్బున్న ఇంటి ఇల్లాలు ఒక రాత్రి బారుకు వచ్చి, తానెందుకు వచ్చిందో తన నోటితోనే చెబుతుంది. ఆ తేడా గురించి పాడితే వాదన ఇంకా గట్టిగా ఉండేది.

పాత బాకీ

మగవాడి హిట్‌కు ఆడగొంతు ఎదురు జవాబు చెప్పడం కంట్రీలో కొత్త కాదు. 1952లో హ్యాంక్ థాంప్సన్ పాట ఒకటి 15 వారాలు మొదటి స్థానంలో ఉంది. ఇల్లు వదిలి బార్లకు పోయిన భార్యను నిందించే పాట. కిట్టీ వెల్స్ అదే ట్యూన్‌లో బదులిచ్చింది. ఆడవాళ్లు దారితప్పడానికి కారణం దేవుడు కాదు, పెళ్లయ్యాక కూడా పెళ్లికానట్టు తిరిగే మగవాళ్లని. ఎన్‌బీసీ రేడియో ఆ పాటను నిషేధించింది. కంట్రీ గాయకులకు అన్నిటికన్నా పేరున్న నాష్‌విల్ కచేరీ, గ్రాండ్ ఓల్ ఓప్రీ వేదిక మీద కూడా మొదట్లో పాడనివ్వలేదు. అయినా అది ఆరు వారాలు అగ్రస్థానంలో నిలిచింది. బిల్‌బోర్డ్ కంట్రీ చార్టులో ఒంటరిగా ఒక మహిళ పాడి నంబర్ వన్ సాధించడం అదే మొదటిసారి. రికార్డింగుకు వచ్చే 125 డాలర్ల కోసమే ఒప్పుకున్నానని ఆవిడే తర్వాత చెప్పుకుంది.

అరవై రెండేళ్ల తర్వాత కూడా ఇద్దరు అమ్మాయిలు లోపలికి రావడానికి అదే వాకిలి వాడుకోవాల్సి వచ్చింది. మగవాళ్ల పాటకు జవాబు చెబితేనే చోటు. నాకు ఈ పోలికలో గర్వించదగ్గది ఏమీ కనిపించదు.

బాణమూ లక్ష్యమూ ఒకే ఇంట్లోవి

పాట వినగానే ఇది తిరుగుబాటు అనిపిస్తుంది. వ్యాపారం వైపు నుంచి చూస్తే ఇంకో బొమ్మ కనిపిస్తుంది. మ్యాడీ అండ్ టే పాటను విడుదల చేసిన డాట్ రికార్డ్స్, అప్పట్లో స్కాట్ బోర్చెటా నడిపిన బిగ్ మెషీన్ అనే రికార్డు కంపెనీల గ్రూపులోది. ఫ్లోరిడా జార్జియా లైన్ రికార్డులు వేసిన రిపబ్లిక్ నాష్‌విల్ కూడా ఆ గ్రూపులోదే. పాటలో ఎగతాళికి గురైన థామస్ రెట్ ఆ గ్రూపులోని వాలరీ అనే లేబుల్‌లో (రికార్డు కంపెనీలో) ఉన్నాడు. జబ్బునూ మందునూ ఒకే కంపెనీ అమ్మిందన్నమాట.

దీన్నిబట్టి పాట బూటకమని అనను. రాసింది ఆ అమ్మాయిలు, వాళ్ల కోపం నిజమైనదే. కానీ ఆ కోపం రేడియో దాకా చేరడానికి ఒక పెద్ద సంస్థ ప్రమోషన్ బలం వెనకుంది. కంట్రీ ఎయిర్‌ప్లేలో పాట ఎక్కాలంటే సుమారు 150 స్టేషన్లను ఒప్పించాలి. కంపెనీ మనుషులు, ఏ పాట వేయాలో తేల్చే ప్రోగ్రాం డైరెక్టర్లకు ఫోన్ల మీద ఫోన్లు చేస్తారు. కొత్త గాయకులు గిటారు భుజాన వేసుకుని ఊరూరా స్టేషన్లకు వెళ్లి కాన్ఫరెన్స్ గదుల్లో పాడి వినిపిస్తారు. దీన్నే రేడియో టూర్ అంటారు. పాట పైకి రావడానికి ఆరు నెలలు, ఒక్కోసారి ఏడాది. అంత ఖర్చు ఎవరి మీద పెట్టాలన్నది కంపెనీ ఇష్టం.

వెక్కిరింపుకు గురైనవాళ్లు ఎలా తీసుకున్నారు? చాలామంది పైకి నవ్వేసి ఊరుకున్నారు. ఫ్లోరిడా జార్జియా లైన్‌లోని బ్రయన్ కెల్లీ మాత్రం, కంట్రీ పాటలో అమ్మాయిగా ఉండాలని కోరుకోని అమ్మాయి ఒక్కరు కూడా తనకు తెలియదని, అంతకుమించి మాట్లాడనని ఒక ఇంటర్వ్యూలో తేల్చేశాడు. పాట దేని గురించి రాశారో చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు. అయితే అదే 2014 జులైలో వాళ్లు విడుదల చేసిన ‘డర్ట్’ పుట్టిన నేల గురించి, కాపురం గురించి, చావు గురించి నిదానంగా సాగే పాట. గాలి మారుతోందని వాళ్లకూ తెలుసు. మ్యాడీ అండ్ టే పాట రేడియోలోకి రాకముందే రికార్డయిన పాట అది. కాబట్టి బ్రో కంట్రీని ఈ ఒక్క పాటే కూల్చిందనడం కుదరదు. అరిగిపోయిన ధోరణికి చివరి రోజుల్లో ఇది బాగా తగిలింది, అంతే.

సలాడ్ రాజకీయం

ఇప్పుడు అసలు చిక్కుకు వద్దాం. నంబర్ వన్ అయిన ఐదు నెలలకు, 2015 మేలో, కీత్ హిల్ అనే రేడియో కన్సల్టెంట్ కంట్రీ ఎయిర్‌చెక్ పత్రికతో మాట్లాడుతూ స్టేషన్లకు ఒక సలహా ఇచ్చాడు. రేటింగ్ పెరగాలంటే ఆడవాళ్ల పాటలు తగ్గించండి అన్నాడు. సలాడ్‌లో లెట్యూస్ ఆకులంటే ల్యూక్ బ్రయన్, బ్లేక్ షెల్టన్ లాంటి మగవాళ్లట, ఆడవాళ్లు అక్కడక్కడా వేసే టమాటాలట. పెద్ద దుమారం రేగింది. కంట్రీ గాయని మార్టినా మెక్‌బ్రైడ్ టమాటా అని రాసిన టీషర్టులు వేయించి, ఆ డబ్బుతో సేవా కార్యక్రమాలు చేసింది. కీత్ హిల్‌ను అందరూ తిట్టారు కానీ, ఆయన కొత్తగా కనిపెట్టిందేమీ లేదు. వరసగా ఇద్దరు ఆడవాళ్ల పాటలు వేయకూడదన్న అలిఖిత నియమం అప్పటికే చాలా స్టేషన్లలో నడుస్తోంది. అందరూ గదిలో అనుకునేదాన్ని ఆయన బయటికి అనేశాడు.

ఈ నియమం ఎక్కడ గట్టిపడింది? నా దృష్టిలో 1996 ముఖ్యమైన మలుపు. ఆ ఏడాది వచ్చిన టెలికమ్యూనికేషన్స్ చట్టానికి ముందు ఒక కంపెనీ దేశమంతా కలిపి 40 రేడియో స్టేషన్లకు మించి ఉంచుకోకూడదు. చట్టం ఆ పరిమితి ఎత్తేసింది. కొన్నేళ్లకే క్లియర్ ఛానల్ అనే ఒక్క కంపెనీ చేతిలోకి 1,200కు పైగా స్టేషన్లు వెళ్లాయి. ఊరికో డైరెక్టర్ తన చెవిని నమ్మి పాట ఎంచుకునే చోట, ఎక్కడో తయారైన ఒకే జాబితా వందల ఊళ్లలో మోగడం మొదలైంది. జాబితా పొట్టిగా మారింది. పొట్టి జాబితాలో రిస్కు తీసుకోరు, కొత్త ఆడగొంతు రిస్కు లెక్కలో పడింది. జనానికి ఆడవాళ్ల పాటలు నచ్చవని సర్వే చెబుతోందంటారు. వినిపించని పాట నచ్చిందా అని అడిగితే ఎవరు నచ్చిందంటారు?

ఒట్టావా విశ్వవిద్యాలయ పరిశోధకురాలు జేడా వాట్సన్ ఏడాది చివర వచ్చే ఎయిర్‌ప్లే నివేదికలు తవ్వి 2019లో లెక్క తేల్చింది. 2000 సంవత్సరం జాబితాలో మహిళల పాటలు 33.3 శాతం. 2018కి వచ్చేసరికి 11.3 శాతం. ఆ దిగుతున్న గీత మధ్యలోనే 2014 ఉంది. ‘గర్ల్ ఇన్ ఎ కంట్రీ సాంగ్’ నంబర్ వన్ అయినా గీత దిగుతూనే పోయింది.

మ్యాడీ అండ్ టే సొంత కథ కూడా ఆ గీతలాగే నడిచింది. రెండో సింగిల్ ‘ఫ్లై’ టాప్ టెన్‌లోకి వచ్చింది. ఎగతాళి లేని పాట, పడిపోతూ ఎగరడం నేర్చుకోవడం గురించి. మాటల్లో, గాత్రంలో తొలి పాట కన్నా అదే నాకు గొప్పగా అనిపిస్తుంది. ఆ తర్వాతి సింగిల్స్‌ను రేడియో పట్టించుకోలేదు. 2017లో డాట్ రికార్డ్స్ మూతపడింది. మొదటి పాటతోనే శిఖరం ఎక్కిన జంట మూడేళ్లు తిరక్కుండానే లేబుల్ లేకుండా మిగిలింది. అదే ఏడాది మెర్క్యురీ నాష్‌విల్ అనే ఇంకో లేబుల్ ఆ ఇద్దరినీ చేర్చుకోబట్టి సరిపోయింది.

వాళ్లకు మళ్లీ నంబర్ వన్ రావడానికి 2020 దాకా పట్టింది. ఆ పాట ‘డై ఫ్రమ్ ఎ బ్రోకెన్ హార్ట్’. ప్రేమించినవాడు మోసం చేస్తే అమ్మకు ఫోన్ చేసి, ఇంట్లో అంతా ఎలా ఉన్నారని మొదలుపెట్టి, మధ్యలో గొంతు పూడుకుపోయే అమ్మాయి పాట. బికినీ లేదు, ట్రక్కు లేదు, ఏ మగ గాయకుడి హిట్‌కూ జవాబు కాదు, నవ్వించదు. ‘గర్ల్ ఇన్ ఎ కంట్రీ సాంగ్’ జులైలో మొదలై డిసెంబరుకల్లా పైకి చేరింది. ఈ పాట 2019 మేలో రేడియోకు వెళ్లి, మొదటి స్థానం చూడటానికి ఏడాదికి పైగా ఎదురుచూసింది.